ఆగిన లారీలో ఎండాకాలం



ప్రతి ఏడూ శివరాత్రి పోయి ఎండ ముదరగానే మన సంఘంలో చలివేంద్రం మాట మొదలవుతుంది. ఎక్కడ పెడదాం, కుండలు ఎవరిస్తారు, మజ్జిగ రోజు ఎవరిది అని. మంచి పని, ఎన్నో ఏండ్లుగా నడుస్తున్న పని. ఈ ఏడు ఆ మాటల్లోకి లారీ క్యాబిన్ కూడా రావాలని ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగు. తీరిక చేసుకుని చదవండి.

మేము అంటే ఎవరో ముందు చెప్తాం. బళ్ళారిలో లారీని నమ్ముకున్న తెలుగు కుటుంబాల వాళ్ళం. మాలో డ్రైవర్లు ఉన్నారు. క్లీనరుగా ఎక్కి పదేండ్లకు స్టీరింగు పట్టినవాళ్ళు ఉన్నారు. అప్పు చేసి ఒకటో రెండో బండ్లు కొనుక్కుని వాళ్ళే నడుపుకునేవాళ్ళు ఉన్నారు. ఇంట్లో తెలుగు, కాటా దగ్గర కన్నడ, దారిలో ఎదుటివాడు ఏది మాట్లాడితే అది. మా తాతల కాలంలో ఈ ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి పోయాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పటి నుంచి మా చుట్టాలు సగం అటు, సగం ఇటు. ఎండ మాత్రం రెండు పక్కలా ఒకటే.

బళ్ళారి ఎడారి కాదు కదా అని బయటి ఊరివాళ్ళు అంటుంటారు. సరిహద్దు దాటి కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఒకసారి పోయి చూడమనండి. హగరి ఒడ్డున, అంటే వేదవతి ఒడ్డున, ఇసుక దిబ్బలు లేచి పొలాల మీదికి పాకుతున్నాయి. గాలి లేచిన రోజు రోడ్డు మీద కూడా ఇసుక చారలు కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మాకు వార్త కాదు. మా ఊరికి రెండే కాలాలు, ఎండాకాలం ఒకటి, మండే కాలం ఒకటి అని మేమే నవ్వుకుంటాం. ఆ నవ్వు ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నప్పుడు వస్తుంది. క్యాబిన్‌లో రాదు.

క్యాబిన్ అంటే చాలామంది డ్రైవరు కూర్చునే చోటు అనుకుంటారు. నెలలో సగానికి పైగా మా ఇల్లు అదే. ముందు రెండు సీట్లు, వెనక అడ్డంగా ఒక బల్ల. ఆ బల్ల మీద ఒకడు పడుకుంటే ఇంకొకడు సీట్ల మధ్య సర్దుకోవాలి. పైన అట్టముక్కలో పర్మిట్టు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు. అద్దం దగ్గర దేవుడి పటం, పిల్లల ఫోటో. పక్కన టూల్ బాక్సులో స్టవ్వు, రెండు గిన్నెలు, బియ్యం, ఉల్లిగడ్డలు, పచ్చడి సీసా. పాత బండ్లలో ఇంజను సగం క్యాబిన్‌లోకే వచ్చి ఉంటుంది. నాలుగు గంటలు నడిపాక ఆ బానెట్ మీద చెయ్యి పెట్టలేం. పైన రేకు కాలుతుంది, పక్కన ఇంజను కాలుతుంది, ముందు పెద్ద అద్దంలో నుంచి ఎండ తొడల మీద పడుతుంది. కింద రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు.

మరి ఆగినప్పుడు దిగి ఎక్కడైనా పడుకోవచ్చు కదా అని అడుగుతారు. బండి వదిలితే డీజిల్ పోతుంది, బ్యాటరీ పోతుంది, స్టెప్నీ పోతుంది, తాడు విప్పి సరుకే పోతుంది. పోయినదంతా మా బత్తాలోంచి కట్టాలి. అందుకని బండిలోనే పడుకోవాలి, బండి పక్కనే వండుకోవాలి, బండి కిందనే నీడ వెతుక్కోవాలి. బండి కింద పడుకోవడం ఎంత ప్రమాదమో మాకు తెలుసు. మధ్యాహ్నం రెండు గంటలకు ఇంకో నీడ లేనప్పుడు అక్కడే పడుకుంటారు.

ఇన్నేండ్లలో మా పెద్దవాళ్ళు కొన్ని ఉపాయాలు నేర్పిపోయారు. క్యాబిన్ పైకప్పు మీద గోనెసంచులు పరిచి తడపడం. సీటు మీద రెగ్జిన్ తీసేసి నారచాప వేయడం. టూల్ బాక్సులో ఇసుక పోసి అందులో మట్టికుండ కూర్చోబెట్టడం. ముందు బంపరుకు గుడ్డ నీళ్ళసంచి కట్టడం, బండి నడిచే కొద్దీ గాలికి ఆ నీళ్ళు చల్లబడతాయి. పొద్దున ఉగ్గాని, బజ్జి తినాలని మనసు లాగినా, ఎండలో పోయే రోజు సద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిగడ్డ కొరుక్కుని బయల్దేరడం. తలకు తడితువ్వాలు.

తడితువ్వాలు గురించి ఒక సంగతి చెప్పాలి. మన ఒంటి చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయట గాలి అంతకంటే వేడిగా ఉంటే కిటికీలోంచి వచ్చే గాలి ఒంటిని చల్లబరచదు, ఇంకా కాలుస్తుంది. అప్పుడు మనిషిని కాపాడేది చెమట ఒక్కటే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. బళ్ళారి, గుంతకల్లు, గుత్తి వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడిబట్ట చురుగ్గా ఆరుతుంది, ప్రాణం లేచొస్తుంది. అదే బండి 67వ నంబరు జాతీయ రహదారి మీద తాడిపత్రి, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు దాటి నెల్లూరు చేరేసరికి గాలిలో సముద్రపు తేమ కలుస్తుంది. అక్కడ బట్ట ఆరదు, చెమటా ఆరదు. థర్మామీటరులో బళ్ళారి కంటే రెండు డిగ్రీలు తక్కువ చూపించినా ఒళ్ళు ఎక్కువ ఉడుకుతుంది. ఒకే ట్రిప్పులో రెండు రకాల ఎండలు. మన బళ్ళారి ఉపాయం కృష్ణపట్నంలో పనిచెయ్యదని కొత్తగా ఎక్కే పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి. టీవీలో చెప్పే డిగ్రీలు మా డిగ్రీలు కావు. వాతావరణ శాఖ థర్మామీటరును తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, పక్కలనుంచి గాలి ఆడేటట్టు, నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో పెడుతుంది. ఎండ నేరుగా తగలకూడదు. అది సరైన పద్ధతే, అన్ని ఊర్లనూ పోల్చాలంటే అట్లాగే కొలవాలి. అంటే టీవీలో 42 అన్నారంటే నీడలో 42. తారురోడ్డు మీద, ఇనుప రేకు కింద, ఇంజను పక్కన ఎంతో ఎవరూ కొలవరు. ఇంకొకటి, మైదాన ప్రాంతంలో వడగాడ్పు అని ప్రకటించాలంటే 40 డిగ్రీలు దాటడంతో పాటు ఆ రోజు మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేదంటే ఏకంగా 45 దాటాలి. మా దగ్గర మామూలే 40 దగ్గర ఉంటుంది. కాబట్టి 42, 43 వచ్చినా లెక్కలో అది వడగాడ్పు కాకపోవచ్చు. హెచ్చరిక రాదు, లోడింగు ఆగదు.

హెచ్చరిక వచ్చిన రోజు కూడా అందులో ఏముంటుంది? మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఇంట్లోనే ఉండండి అని ఉంటుంది. మేము ఇంట్లోనే ఉన్నాం సామీ. మా ఇల్లే ఎండలో నిలబెట్టి ఉంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. ఎండాకాలం లారీ అంటే నడపడమే కష్టం అనుకుంటారు. నడిచే బండిలో ఎంతో కొంత గాలి ఉంటుంది, తడిబట్ట ఆరుతుంది, ముందు ఒక ఊరు, ఒక చాయ్ కొట్టు కనిపిస్తాయి. మమ్మల్ని తినేది ఆగిన బండి. ఫ్యాక్టరీ గేటు ముందు, యార్డు బయట, కాటా దగ్గర, గోడౌన్ దగ్గర, రేవు దగ్గర లైను. నాలుగు గంటలు కావచ్చు, పద్నాలుగు గంటలు కావచ్చు, రెండు రోజులు కావచ్చు. లైను ఉండే చోటు ఎప్పుడూ బయలే. అక్కడ చెట్టు ఉండదు, ఉన్నది కొట్టేసి చదును చేసి ఉంటారు. అయిదు నిమిషాలకు ఒకసారి ముందు బండి రెండు మూరలు జరుగుతుంది, మనమూ జరపాలి. జరపకపోతే వెనకవాడు దూరతాడు. సీరియల్ పోతుంది.

ఇనుపరాయి బాగా నడిచిన రోజులు చూసినవాళ్ళకు ఆ లైన్లు గుర్తుంటాయి. 2003 తర్వాత చైనా వాళ్ళు రాయి కొనడం ఎక్కువైంది. సండూరు, హొస్పేట కొండల నుంచి రేవులకు రాత్రీ పగలూ లారీలు. 2008లో కృష్ణపట్నం రేవు మొదలయ్యాక ఆ దారి ఇంకా నిండింది. ఎర్రదుమ్ములో చెట్ల ఆకులు, ఇండ్ల గోడలు, మా చొక్కాలు ఒకే రంగు అయ్యాయి. దుమ్ముకు అద్దాలు మూస్తే ఉడికిపోవాలి, తెరిస్తే దగ్గు. ఇనుపరాయి లోడు మీద పట్టా పరిచి రాత్రి పడుకుందామంటే, పగలంతా ఎండ తాగిన రాయి అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉండేది. అయినా కిరాయిలు వస్తున్నాయని ఎవరూ మాట్లాడలేదు. భూములు కుదువపెట్టి బండ్లు తెచ్చారు.

2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల పని ఆపమంది. అక్రమంగా తవ్విన సంగతి లోకాయుక్త నివేదికలో బయటపడిన రోజులు అవి. తవ్వకం తప్పు కాదని మేము అనడం లేదు. కానీ ఆ తీర్పుతో వేల లారీలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. కంతులు కట్టలేక బండ్లు ఫైనాన్సు వాళ్ళకు అప్పగించినవాళ్ళు మనలో ఉన్నారు. మిగిలినవాళ్ళు వడ్లకు, ఎండుమిరపకు, సిమెంటుకు, బొగ్గుకు, ఉక్కుకు మళ్ళారు. సిరుగుప్ప మిల్లుల నుంచి బియ్యం, గుంటూరు యార్డుకు మిరప. సరుకు మారింది. లైను మారలేదు.

కొన్ని వేసవుల కిందట, రోహిణి కార్తె మొదలవకముందే, ఒక చోట అట్లాంటి లైనులోనే మా పిల్లాడొకడు పడిపోయాడు. ఎక్కడో, ఎవరి గేటో చెప్పం, అది ఈ పోస్టు పని కాదు. సరిహద్దు అవతలి పల్లె నుంచి వచ్చిన క్లీనరు, ఇంకా ఇరవై నిండలేదు. పొద్దున ఏడింటికి లైనులో చేరారు. మధ్యాహ్నం మూడయింది. కుండలో నీళ్ళు అయిపోయాయి. నీళ్ళు తెస్తానని పోయినవాడు అరగంటకు వట్టి క్యానుతోనే తిరిగొచ్చి, టైరు దగ్గర కూర్చుని, వాళ్ళ అమ్మతో మాట్లాడుతున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. అక్కడ ఫోను లేదు, అమ్మ లేదు. డ్రైవరన్న మొదట తాగాడేమో అనుకున్నాడు. ఒళ్ళు ముట్టుకుంటే పెనంలాగా ఉంది.

లైనులో ముందూ వెనకా ఉన్న మేము దిగొచ్చాం. రేడియేటరులో పోసే క్యాన్ నీళ్ళు తెచ్చి ఒళ్ళంతా పోశాం, అట్టముక్కలతో విసిరాం. తాగించబోతే ఒక పెద్దాయన వద్దన్నాడు, తెలివి లేనివాడి గొంతులో నీళ్ళు పొయ్యకూడదప్పా, ఊపిరితిత్తుల్లోకి పోతాయి అన్నాడు. ఆయన అన్నది సరైన మాట. ఒక ఆటో దొరికితే అందులో వేసుకుని పోయారు. పిల్లాడు బతికాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మళ్ళీ లారీ ఎక్కలేదు. ఇప్పటికీ కొంచెం ఎండలో నిలబడితే కండ్లు తిరుగుతాయంటాడు.

ఆ రోజు మమ్మల్ని ఎక్కువ కలిచింది ఇంకొకటి. ఆటోలో పిల్లాడి వెంట ఎవరు పోవాలన్న మాట వచ్చినప్పుడు డ్రైవరన్న ఒక క్షణం ఆగి లైను వైపు చూశాడు. ఎనిమిది గంటలు నిలబడిన సీరియల్. ఆయన మనసు చెడ్డది కాదు, తర్వాత ఆ నాలుగు రోజులూ పిల్లాడి దగ్గరే ఉన్నాడు. కానీ మనిషి ప్రాణం పక్కన సీరియల్ నంబరును తూచాల్సిన పరిస్థితి ఎవరు తెచ్చారు? వెనక బండి అన్న, నువ్వు పో, నీ బండి నేను జరుపుతా అన్నాడు. ఆ ఒక్క మాటతో తీరిన సమస్య అది. అటువంటి మాట గేటు దగ్గర ఒక పద్ధతిగా ఎందుకు లేదు అనేది మా ప్రశ్న.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది, 2025 దాకా అమలులో ఉండింది. రోజుకు 8 గంటల పని, అయిదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి, రాత్రి ఆగాల్సిన చోట విశ్రాంతి గదులు అని అందులో రాశారు. బాగా రాశారు. అయితే అది అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకు రాసిన చట్టం. మాలో ఎక్కువమంది బండ్లు ఒకటి, రెండు, మూడు. డ్రైవరే ఓనరు అయిన చోట ఎవరు ఎవరికి గది కట్టిస్తారు? పైగా మేము ఆగేది మా ఓనరు జాగాలో కాదు, సరుకు యజమాని గేటు ముందు. ఆ గేటు వాళ్ళకు మేము కూలీలం కాము, బయటి బండివాళ్ళం. ఓనరు దృష్టిలో మేము డ్యూటీలో ఉన్నాం, గేటు దృష్టిలో మేము లేనే లేము.

ఇప్పుడు ఏసీ రూలు వచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులు దాటిన సరుకు బండ్ల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. ఇది మంచి రూలు, ఎన్నో ఏండ్ల ఆలస్యంగా వచ్చిన మంచి రూలు. కార్లో కూర్చున్నవాడికి ఎప్పుడో వచ్చిన చల్లగాలి లారీ తోలేవాడికి ఇప్పటికి వచ్చింది. కానీ రెండు మాటలు గుర్తు పెట్టుకోవాలి. ఒకటి, ఇది కొత్త బండ్లకే. బళ్ళారి రోడ్ల మీద నడిచేవి ఎక్కువగా పాత బండ్లు, చేతులు మారి మారి ఇంకా చాలా ఏండ్లు నడుస్తాయి. రెండు, ఏసీ నడవాలంటే ఇంజను నడవాలి. రోడ్డు మీద సరే. లైనులో పద్నాలుగు గంటలు ఇంజను ఆన్ చేసి పెడితే ఆ డీజిల్ ఎవరి లెక్క? చాలామందికి ట్రిప్పుకు ఇంత డీజిల్ అని కొలిచి ఇస్తారు, మిగిలితేనే నాలుగు రూపాయలు. ఆ డీజిల్ కాల్చి చల్లగా కూర్చునేవాడు మాలో ఎవడూ ఉండడు. ఆగిన బండికి ఏసీ లేనట్టే.

2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి జాతీయ రహదారుల మీద లారీ డ్రైవర్ల కోసం మొదటి విడతలో 1000 విశ్రాంతి భవనాలు కడతామని ఢిల్లీలో ప్రకటించారు. రావాలి, వస్తే వాడుకుంటాం. అయితే అవి హైవే మీద. మా లైను హైవే దిగి లోపలికి పోయాక, గేటు ముందు మట్టిదారిలో ఉంటుంది.

వేరే దేశాల సంగతి కూడా కొంచెం చూద్దాం. అమెరికాలో వ్యానునే ఇల్లు చేసుకుని బతికేవాళ్ళు చాలామంది ఉన్నారు. అరిజోనా ఎడారిలో క్వార్ట్జ్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. చలికాలంలో ఆ ఊరి చుట్టూ ఇండ్లలాంటి వ్యాన్లు గుంపులు గుంపులుగా చేరతాయి. ఎండలు ముదిరేసరికి చాలావరకు ఖాళీ. చక్రాలున్న ఇల్లు కదా, చల్లటి చోటుకు తోలుకుపోతారు. మా ఇంటికీ చక్రాలు ఉన్నాయి. అది ఎటు పోవాలో లోడు చెప్తుంది, ఎంతసేపు ఆగాలో గేటు చెప్తుంది.

మన రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళను అడగండి. అక్కడ జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదని నిషేధం ఉంది. ఎంతవరకు పాటిస్తారు అనేది వేరే మాట, కానీ రాసి పెట్టిన గంటలు ఉన్నాయి. అంత దూరం ఎందుకు, మన బళ్ళారిలోనే చూడండి. కలబురగి విభాగం జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో ప్రభుత్వ ఆఫీసులు పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 1:30 దాకే నడపడం ఆనవాయితీ. ఎందుకు? ఇక్కడ మధ్యాహ్నం పని చేయలేం అని ప్రభుత్వానికి తెలుసు కాబట్టి. ఫ్యాను కింద కూర్చునే పనికే ఆ ఎండ ఎక్కువైతే, లైనులో ఉన్నవాడి మాట ఏమిటి?

మా తాతలు ఎద్దులబండ్లు తోలేటప్పుడు ఎండాకాలం పొద్దు వాలాక కట్టి, రాత్రంతా నడిపి, పొద్దెక్కేసరికి ఏ చింతతోపులోనో విప్పేవాళ్ళు. బండి కింద లాంతరు వేలాడేది. ఎద్దు చచ్చిపోతుందని ఆ పద్ధతి. అశోకుడు రోడ్లకు ఇరువైపులా చెట్లు నాటించెను అని మనమంతా బడిలో బట్టీ పట్టాం. రోడ్లు వెడల్పు అయ్యేటప్పుడు ఆ చింతలు, వేపలు పోయాయి. రోడ్డు బాగైంది, కాదనం, గుత్తికి పోయే టైము తగ్గింది. ఆగడానికి నీడ కూడా దాంతో పాటే తగ్గింది.

ఇప్పుడు మనం చేయగలిగినవి చెప్తాం. పెద్ద పెద్దవి కాదు.

మొదటిది, టోకెను. గేటు దగ్గర బండి చేరగానే నంబరు రాసి చీటీ ఇచ్చి, వంతు రాగానే ఫోను చేస్తే చాలు. డ్రైవరు దూరంగా చెట్టు కింద బండి పెట్టుకుని పడుకుంటాడు. ఆసుపత్రిలో, బ్యాంకులో ఉన్నదే ఇది. కొన్ని చోట్ల ఇప్పటికే చేస్తున్నారు, అక్కడ లైనులో కొట్లాటలు కూడా తగ్గాయి. అందరూ చేయాలని మన సంఘం తరఫున గేటు గేటుకూ పోయి అడుగుదాం. మనలో సరుకు పంపేవాళ్ళు, మిల్లులు, గోడౌన్లు ఉన్నవాళ్ళు ఉన్నారు. మొదట వాళ్ళే మొదలుపెడితే అడగడానికి మనకు నోరుంటుంది.

రెండోది, నీడ. పది బండ్ల డ్రైవర్లు కూర్చునేంత పందిరి, ఒక నీళ్ళ డ్రమ్ము, ఒక మరుగుదొడ్డి. పందిరికి కొబ్బరి మట్టలో, పచ్చవలో చాలు. నీళ్ళు తాగితే మళ్ళీ దిగాలి, దిగితే సీరియల్ పోతుంది అని గొంతు తడుపుకోకుండా కూర్చునే డ్రైవర్లను మేము చూశాం. మాలో కిడ్నీలో రాళ్ళు లేనివాడిని వెతకాలి.

మూడోది, ఓనర్లకు. ఏప్రిల్, మే నెలల్లో వీలైనంత వరకు లోడింగు రాత్రికి, తెల్లవారుజాముకు మార్చమని అడగండి. ట్రిప్పు షీటులో ఎన్ని గంటలు లైనులో ఉన్నారో రాయించండి. హాల్టింగు డబ్బు గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ గంటలు కాగితం మీద కనపడనీయండి. రాయని గంటను ఎవరూ తగ్గించరు.

నాలుగోది, ప్రతి క్యాబిన్‌లో ఉండాల్సినవి. లీటరు నీళ్ళకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలిపితే ఓఆర్ఎస్‌లాగే పనిచేస్తుంది. దాహం వేయకముందే తాగుతూ ఉండాలి. తోటివాడు తూలుతున్నా, మాట తడబడుతున్నా, అర్థం లేకుండా మాట్లాడుతున్నా తాగాడని అనుకోవద్దు. నీడకు లాగండి, బట్టలు వదులు చేయండి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి, 108కి ఫోను చేయండి. ఆంబులెన్సు వచ్చేదాకా తడపడం ఆపొద్దు. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు. ఇది కన్నడలో, తెలుగులో, హిందీలో ఒక కాగితం మీద అచ్చు వేయించి క్యాబిన్ తలుపుకు అంటిద్దాం. అచ్చు ఖర్చు మేమే పెట్టుకుంటాం.

అక్కలారా, వదినలారా, మీకూ ఒక మాట. మీ ఇంటాయన ఫోనులో ఎక్కడున్నావంటే లైనులో ఉన్నా అంటాడు. ఆ మాటను ఊరికే పోనివ్వొద్దు. ఎన్ని గంటల నుంచి, నీళ్ళు ఉన్నాయా, నీడ ఉందా అని అడగండి. వారం రోజులు మీరు అడిగింది రాసి పెట్టండి. ఆ చీటీలన్నీ కలిపితే ఏ గేటు దగ్గర ఎంతసేపు ఆపుతున్నారో మన సంఘానికి తెలుస్తుంది. మాట్లాడటానికి పోయినప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ఈ ఏడు చలివేంద్రం బస్టాండు దగ్గర ఎట్లాగూ పెడతాం. ఇంకొకటి ఏదైనా లారీ లైను దగ్గర పెడదామని మా ప్రతిపాదన. ఎక్కడ అనేది వచ్చే ఆదివారం సమావేశంలో తేలుద్దాం. అంతవరకు ఒక చిన్న పని చేయండి. బళ్ళారి నుంచి సిరుగుప్ప దాకా, ఇటు గుంతకల్లు దాకా, అటు హొస్పేట దాకా లారీ ఆగగలిగిన చెట్టు నీడ మీకు తెలిసినచోట ఎక్కడున్నా ఊరి పేరుతో కింద రాయండి. ఎన్ని బండ్లు పడతాయి, దగ్గర్లో నీళ్ళు ఉన్నాయా, రాత్రి భయం లేకుండా ఉంటుందా, అది కూడా రాయండి.